కదలని పొయ్యి

పెరట్లో పెట్టుకునే గ్రిల్లు పొయ్యిలు అమ్మే కొట్లో ఫిట్టరుకి ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఈ ఇరవై రెండేళ్ళలో తను బిగించిన పొయ్యి ఒక్కటి కూడా కాలు ఊగి వెనక్కి రాలేదని అడిగినవాళ్ళకీ చెబుతాడు, అడగనివాళ్ళకీ చెబుతాడు. పెరట్లోకి ఒక్కసారి తొంగిచూస్తే చాలు, ఆ ఇంటికి బొగ్గులది నప్పుతుందో, గ్యాసుది నప్పుతుందో, సిరామిక్‌ది నప్పుతుందో చెప్పేయగలనని ఇంకో గొప్ప. కొట్లో ఎవరూ కాదనేవాళ్ళు కాదు. చాలాసార్లు ఆయన చెప్పిందే నిజమయ్యేది మరి.

మంగళవారం పొద్దున ఆయన కొట్లో ఒక మూల మోకాళ్ళమీద కూర్చుని కొత్త గ్యాసు పొయ్యికి కాళ్ళు బిగిస్తున్నాడు. గాజు తలుపు తెరుచుకుని ఒక ఆడమనిషి లోపలికొచ్చింది. వెనకే ఆమె జబ్బ పట్టుకుని, కాస్త తోసినట్టుగా నడిపిస్తూ ఒక మగమనిషి వచ్చాడు. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ఫిట్టరు గుర్తుపట్టాడు. బస్టాండు వెనక వీధిలో ఉండే టైలరమ్మ. తన ఖాకీ చొక్కాలు రెండు ఆవిడ కుట్టినవే. ఆవిడకి చూపు పోయిందని ఎవరో అనగా విన్నాడు గానీ, ఆ తర్వాత చూడటం ఇదే. పక్కనున్నవాడు ఆవిడ తమ్ముడు.

కొట్లో అమ్మకాలు చూసే కుర్రాణ్ణి అందరూ తేనెబాబు అంటారు. నాలుక అంత తీపి. అతను ఎదురెళ్ళి నమస్కారం పెట్టి, తమ్ముడి వైపు తిరిగి, "మేడమ్‌గారికి ఎలాంటిది కావాలండీ?" అన్నాడు.

"గ్యాసుదే, చిన్నది ఏదైనా చూడండి. అసలు కొనకపోయినా..." అని తమ్ముడు నసుగుతున్నాడు.

"బాబూ," అంది టైలరమ్మ. "పోయింది నా చూపు. నోరు ఉంది, చెవులున్నాయి. నన్నే అడుగు."

"అలాగేనమ్మా!" అని తేనెబాబు కొట్టంతా మారుమోగేలా అరిచాడు.

"చెవులున్నాయన్నాగా. అంత గట్టిగా అక్కర్లేదు."

ఫిట్టరుకి నవ్వొచ్చింది. పానా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. టైలరమ్మ చేతులు చాచి వరసగా పొయ్యిలు తడుముతూ నడిచింది. మూత ఎటు తెరుచుకుంటుందో, పిడి ఎంత దూరంలో ఉందో, కాళ్ళెన్నో వేళ్ళతో చూసుకుంటోంది. బొగ్గుల పొయ్యి దగ్గర ఆగింది. "ఇది నా పాతదానిలాగే ఉంది. దాని అడుగు తుప్పుపట్టి రాలిపోయింది" అంది.

తేనెబాబు గొంతు తగ్గించి మళ్ళీ తమ్ముడితోనే మొదలుపెట్టాడు. "బొగ్గులది ఆవిడకి అమ్మలేమండీ. నిప్పుతో పని. రేపు ఏదైనా అయితే కొట్టు పేరు పోతుంది. మీరు ఇంట్లోవాళ్ళు, మీకు చెప్పక్కర్లేదు."

"నాకూ అదే భయమండీ," అన్నాడు తమ్ముడు. "పోయిన నెల వంటింట్లో చెయ్యి కాల్చుకుంది. మా ఇంట్లో గది ఖాళీగా ఉంది, వచ్చి ఉండమంటే వినదు."

టైలరమ్మ వాళ్ళిద్దరి మాటలు వచ్చిన దిక్కుకి తిరిగింది. "అదేదో గుసగుసలెందుకు, నేనే చెబుతాను. ఈ ఆదివారం మావాళ్ళు పన్నెండుమంది మా పెరట్లో భోజనానికొస్తారు. ఇన్నేళ్ళూ నేనే వండిపెట్టాను. ఈసారీ నా చేత్తో నేను వండిపెడితే, నా ఇంట్లో నేనుంటాను. పెట్టలేకపోతే ఇంటికి తాళం వేసి వీళ్ళింటికి పోతాను. ఇది మా ఇద్దరి ఒప్పందం."

"అది పందెం కాదక్కా. నీ మంచికే కదా."

"మంచికే అయినా ఒప్పందం ఒప్పందమేరా."

ఫిట్టరు పానా కింద పెట్టి లేచాడు. మనసులో మాట చెప్పాలంటే, ఆయనకీ గ్యాసుదే సరైందనిపించింది. మీట తిప్పితే మంట, తిప్పితే ఆర్పు, మసి లేదు, బూడిద లేదు. కానీ మనిషి ఎదురుగా నిలబడి ఉంటే తేనెబాబు ఆవిణ్ణి వదిలేసి పక్కవాణ్ణి అడగటం చూసి ఆయనకి ఒళ్ళు మండింది. "అమ్మా, హోటళ్ళవాళ్ళకి మేం నమూనా పొయ్యిలు తీసుకెళ్ళి వారం రోజులు పెట్టి చూపిస్తాం. మీకూ తెస్తాను. మూడు రకాలూ వండి చూడండి. ఏది ఉంచుకోవాలో మీ చేతులే చెబుతాయి" అన్నాడు.

"అది హోటళ్ళకి..." అని తేనెబాబు నోరు తెరిచాడు.

"బాధ్యత నాది," అన్నాడు ఫిట్టరు. ఇరవై రెండేళ్ళ సర్వీసు ఉన్నవాడి గొంతుతో అన్నాడు కాబట్టి ఆ నోరు మళ్ళీ మూతపడింది.

తమ్ముడు మాత్రం, "మీరు పక్కనుంటారా మరి?" అని అడిగాడు.

"ఉంటాను."

"ఉండండి," అంది టైలరమ్మ. "పక్కన ఉండండి. అడ్డం ఉండకండి."

*

బుధవారం గ్యాసు పొయ్యి ఆటో ఎక్కింది. టైలరమ్మ ఇంటి వెనక పెరడు చిన్నది. ఓ పక్క బట్టలారేసే తీగ, ఓ పక్క నిమ్మచెట్టు, వెనక గోడకి చిన్న తలుపు, అది దాటితే వీధి. వంటింటి గడప నుంచి తొమ్మిది అడుగులు లెక్కపెట్టి ఆవిడ ఆగింది. చెప్పు మడమతో నేలమీద గీత గీసి, "పొయ్యి ఇక్కడ. మూత పిడి నావైపుకి ఉండాలి" అంది.

ఫిట్టరు సిలిండరు తగిలించి, గొట్టం బిగించి, సబ్బునురగ రాసి చూసి, మీటలు రెండూ ఆవిడ చేతికి చూపించాడు. ఒక్కసారి చెబితే చాలు, అంటించేసింది. ఊచల పైన అరచెయ్యి పెట్టి, ఒకటి, రెండు అని లెక్కపెడుతూ, అయిదు దగ్గర చెయ్యి తీసేసింది. "ఇప్పుడు మాంసం వేయొచ్చు." కోడి ముక్కలు నాలుగు పట్టకారుతో వరసగా పేర్చింది. మధ్యలో దూరం బెత్తెడు, తేడా లేకుండా. జేబులకి గుండీలు కుట్టే చెయ్యి అది.

ఇంకేముంది, పని అయిపోయిందనుకున్నాడు ఫిట్టరు. పెరడు చూడగానే అనుకోలా, గ్యాసుదేనని? గోడకి ఆనుకుని నిలబడి తనని తాను మెచ్చుకుంటున్నాడు. అంతలో వీధిలోంచి లారీ ఒకటి దడదడమంటూ పోయింది, దానితోపాటే ఓ విసురు గాలి వచ్చింది. కుడివైపు మంట ఆరిపోయింది. ఫిట్టరు చూశాడు. ఆవిడకి తెలియలేదు. చెబుదామా, ఆగుదామా అని తటపటాయిస్తూ లోలోపల లెక్కపెట్టడం మొదలెట్టాడు. పన్నెండు దగ్గర ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"వాసన," అంటూనే రెండు మీటలూ కట్టేసి, మూత పూర్తిగా ఎత్తి, మూడడుగులు వెనక్కి వచ్చింది. మొహం మారిపోయింది. "ఎప్పుడు ఆరింది?"

"లారీ పోయినప్పుడమ్మా."

"అంతసేపైందా." ఆవిడ పట్టకారు కొక్కానికి తగిలించింది. "ఈ పొయ్యి మాట్లాడదండీ. మండినా చెప్పదు, ఆరినా చెప్పదు. అది మూగది, నేను గుడ్డిదాన్ని. మా ఇద్దరికీ కాపురం ఎలా కుదురుతుంది?"

ఫిట్టరు నవ్వబోయి ఆగాడు. పెరడు చూసి అనుకున్నాడు నిజమే. కానీ పొయ్యి దగ్గర నిలబడేది పెరడు కాదు కదా. అప్పటిదాకా ఆయనకి ఆ సంగతి తట్టనే లేదు. పొయ్యి సర్దుకుని వెళ్తుంటే బండి మీద గ్యాసు సిలిండరు కన్నా ఆయన గొప్పే బరువుగా అనిపించింది.

గురువారం బొగ్గుల పొయ్యి తెచ్చాడు. గుండ్రంగా, మూడు కాళ్ళమీద నిలబడే రేకు పొయ్యి. బొగ్గులు రాజేసే రేకు గొట్టం కూడా తెచ్చాడు. అడుగున కాగితం ఉండచుట్టి పెట్టి, పైన బొగ్గులు నింపి అంటిస్తే చాలు, మంట తనంతట తానే పైకి పాకుతుంది. టైలరమ్మ దాని పక్కనే ముక్కాలిపీట వేసుకుని కూర్చుని చెవి అటు పడేసింది.

"వినండి," అంది. మొదట చిటపట, చిటపట. తడి ఆరుతున్న చప్పుడు. దానితో ఘాటు వాసన. కాసేపటికి చిటపటలు తగ్గి, సన్నగా గాజుపెంకులు రాసుకున్నట్టు గలగల మొదలైంది. ఘాటు పోయింది. "ఇప్పుడు పైన బూడిద పట్టింది. అవునా కాదా?"

ఫిట్టరు వంగి చూశాడు. నిజంగానే పై వరస బొగ్గులన్నీ తెల్లబడ్డాయి. ఇన్నేళ్ళ నుంచీ బొగ్గులు చూస్తున్నాడు గానీ, ఎప్పుడూ వినలేదు. "అవునమ్మా. ఇటివ్వండి, నేను పోస్తాను."

"నేనే పోస్తాను. మీరు అడ్డం తప్పుకోండి."

చేతికి మందపాటి తోలు తొడుగులు వేసుకుని, గొట్టం ఎత్తి, నిప్పులన్నీ పొయ్యిలో ఎడమవైపుకే దొర్లించింది. కుడివైపు ఖాళీ. మాడుతోందని అనుమానం వస్తే ముక్కని అటు జరపొచ్చన్నమాట. కొవ్వు నిప్పులమీద పడితే సుయ్యిమంటుంది. ఆ సుయ్యి ఎక్కువైతే జరపాలి, పూర్తిగా ఆగిపోతే తిప్పాలి. ఆవిడ లెక్క అదే. మొక్కజొన్న కంకులు కూడా కాల్చింది, గింజలు పేలే చప్పుడు లెక్కపెట్టుకుంటూ. పళ్ళెం ఎడమచేతి బల్లమీద, పట్టకారు కుడి కొక్కానికి, మూత పిడి గడపవైపుకి. "ఇదీ మన లెక్క," అంది. ఫిట్టరు తలూపాడు. ఊపి, ఊపితే లాభం లేదని గుర్తొచ్చి, "సరేనమ్మా" అని పైకి అన్నాడు.

సాయంత్రం తమ్ముడు వచ్చి తిన్నాడు. బాగుందని అనలేదు గానీ రెండో ముక్క అడక్కుండానే తీసుకున్నాడు. ఆ రోజు ఫిట్టరు ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్ళాడు.

*

శుక్రవారం పన్నెండుమందికి సరిపడా ఒకసారి వండి చూసుకోవాలని అనుకున్నారు. మధ్యాహ్నం ఫిట్టరు వెనక తలుపు తీసుకుని వచ్చేసరికి పెరట్లో ఎవరూ లేరు. నిప్పులు పొయ్యిలో పడి ఉన్నాయి, మూత వేసి ఉంది. లోపల టైలరమ్మ పళ్ళేలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది. గాలి దిక్కు మారింది. మూత కంతలోంచి పొగ తిన్నగా వంటింట్లోకి పోతోంది.

ఫిట్టరు చెయ్యి ఊరికే ఉండే చెయ్యి కాదు. ఇంట్లోకి పొగ పోతుంటే నిలబడి చూడలేకపోయాడు. వంగి, రెండు కాళ్ళు పట్టుకుని, పొయ్యిని అరచుట్టు తిప్పేశాడు. పొగ గోడవైపు మళ్ళింది. పని పూర్తయిన తృప్తితో చేతులు దులుపుకున్నాడు.

టైలరమ్మ రెండు చేతులా పళ్ళెం పట్టుకుని వచ్చింది. తొమ్మిది అడుగులు. పళ్ళెం బల్లమీద పెట్టింది. ఇంకా తొడుగు వేసుకోని చెయ్యి, మూత పిడి ఉండాల్సిన చోటికి చాచింది. పిడి అక్కడ లేదు. మణికట్టు కాలే రేకు మీద ఆనింది.

అరవలేదు. ఒక్క ఊపిరి లోపలికి పీల్చింది. చెయ్యి వెనక్కి లాగిన విసురుకి పళ్ళెం కిందపడి కోడి ముక్కలన్నీ మట్టిపాలయ్యాయి. సరిగ్గా అప్పుడే తమ్ముడు ఆదివారానికని నాలుగు మడత కుర్చీలు చంకన పెట్టుకుని వచ్చాడు. కుర్చీలు అక్కడే పడేసి, పరుగెత్తి, అక్క చేతిని కుళాయి కింద పెట్టాడు. రెండు వేళ్ళ వెడల్పున ఎర్రగా కమిలిపోయింది.

"ఇక చాలక్కా," అన్నాడు. "ఈసారి చెయ్యి. ఇంకోసారి మొహమైతే? ఆదివారానికి హోటలు నుంచి తెప్పిస్తాను. సోమవారం బండి తెస్తా, సామాను మా ఇంటికి చేర్చుదాం."

ఆవిడ నీళ్ళ కింద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడింది.

ఫిట్టరు అక్కడే ఉన్నాడు. నేను తిప్పాను అని ఒక్క మాట. మూడు క్షణాలు పట్టని మాట. అది నాలుక దాకా వచ్చి, ఇరవై రెండేళ్ళ పేరు తగిలి ఆగిపోయింది. కింద పడ్డ ముక్కలు ఏరి, నిప్పులు ఆర్పి, సంచీ భుజాన వేసుకుని, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయాడు.

ఇంట్లో భోజనాల దగ్గర భార్య ఆయన్ని గమనించింది. "ఏంటి, కంచంలో పొలం దున్నుతున్నారు? తినండి" అంది. ఆయన మొత్తం చెప్పేశాడు. చెప్పి, "వాళ్ళందరూ ఆవిడకి కనపడక కాల్చుకుందనే అనుకుంటున్నారు" అన్నాడు.

భార్య నీళ్ళ గ్లాసు ఆయన ముందు ఠక్కున పెట్టింది. "ఆవిడకి కళ్ళు పోయాయి, సరే. మీ నోరు ఎప్పుడు పోయింది?"

ఆ మాటకి ఫిట్టరుకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. తిన్నంత తిని లేచాడు.

*

శనివారం కొట్టు తెరవకముందే టైలరమ్మ ఇంటి ముందు నిలబడ్డాడు. ఆవిడ ముందుగదిలో ఎవరిదో కోటుకి గుండీ కుడుతోంది. మణికట్టుకి కట్టు ఉంది. సూదిలోకి దారం ఎక్కించడానికి నాలుక చివర వాడుతోంది.

"అమ్మా, నిన్న పొయ్యి తిప్పింది నేను," అన్నాడు గడపలోనే. "పొగ లోపలికి పోతోందని తిప్పాను. మీకు చెప్పలేదు. మీ తమ్ముడు అన్నప్పుడూ నోరు విప్పలేదు. తప్పు నాది."

ఆవిడ దారం లాగి ముడి వేసింది. "కూర్చోండి. నాకు తెలుసు. పొయ్యి తనంతట తాను తిరగదు కదా. ఎప్పుడు చెబుతారా అని చూస్తున్నా."

"తెలిసీ మీరెందుకు చెప్పలేదమ్మా?"

"నేను చెబితే సాకు అనుకుంటాడు. వాడి మీద కోపం లేదండీ నాకు. వాడికి భయం. ప్రేమున్నవాడికే భయం." దారం కొరికింది. "నాకు చెప్పినందుకు సంతోషం. కానీ నాకు తెలిసిందే మళ్ళీ చెప్పారు. చెప్పాల్సింది వాడికి."

ఫిట్టరు ఫోను తీశాడు. అవతల తమ్ముడు పలికాడు. నిలబడి మాట్లాడాడు ఫిట్టరు, ఎదురుగా పెద్దమనిషి ఉన్నట్టు. తను చేసింది, చేసి నోరు మూసుకున్నది, అంతా వరసగా చెప్పాడు. ఆవిడ తొమ్మిది అడుగులూ సరిగ్గానే వేసిందని, చెయ్యి సరిగ్గా పెట్టాల్సిన చోటే పెట్టిందని, తిరిగిపోయింది పొయ్యేనని చెప్పాడు. "కావాలంటే కొట్లో నా మీద ఫిర్యాదు రాయండి. ఒప్పందం మాత్రం చెరపకండి."

అవతలి నుంచి తమ్ముడు, "ఆదివారం వస్తాం. అక్కకి చెప్పండి" అని పెట్టేశాడు. కాసేపాగి మళ్ళీ అతనే చేసి, "చెయ్యి ఎలా ఉంది?" అని అడిగాడు.

ఫోను జేబులో పెట్టుకున్నాక ఫిట్టరుకి నిన్నటి నుంచి ఛాతీమీద ఉన్న రాయి దిగినట్టయింది. "బొగ్గుల పొయ్యి కాళ్ళు నేలకి బిగించేస్తానమ్మా," అన్నాడు.

"మూడోది ఉందన్నారుగా. అది తేలేదే?"

"సిరామిక్‌దా?" ఆయన మొహం చిట్లించాడు. "అది కుండలాంటిదమ్మా. మందంగా, గుడ్డు ఆకారంలో. గొప్ప కోసం కొని పెరట్లో పెట్టుకునేదని నా ఉద్దేశం. పైగా మహా బరువు. దింపాలంటే నలుగురు కావాలి."

టైలరమ్మ సూది ఆపింది. "ఒక్కరు తిప్పగలరా?"

ఫిట్టరు ఆ ప్రశ్న ఇరవై రెండేళ్ళలో ఒక్క బేరగాడి నోట కూడా వినలేదు. "తిప్పలేరమ్మా. చక్రాల బండి మీద పెడితే తప్ప."

"చక్రాలొద్దు. తీసుకురండి."

కొట్లో తేనెబాబు నమూనాకి ఒకటే ఉందని అడ్డం పడ్డాడు. ఫిట్టరు వినిపించుకోలేదు. ముగ్గురు కూలీలని పెట్టుకుని, పాత దుప్పట్లు చుట్టి, పసిపిల్లని దించినట్టు పెరట్లో దించాడు. తొమ్మిది అడుగుల గీత దగ్గర ఇటుకలు పేర్చి, మట్టంపలక పెట్టి చూసి, దాన్ని కూర్చోబెట్టాడు. టైలరమ్మ భుజం ఆనించి నెట్టింది. మళ్ళీ నెట్టింది. కదల్లేదు. ఆవిడ మొహంలో ఆ వారంలో మొదటిసారి నవ్వు విచ్చుకుంది.

దీంట్లోనూ బొగ్గులే. అడుగున ఒక గాలి కంత, మూత మీద ఇంకొకటి. ఎంత తెరిస్తే అంత వేడి. మూతమీద వేడి చూపించే ముల్లు చూసి సరిచేసుకోవాలి, ఆ ముల్లు ఆవిడకి కనపడదు. టైలరమ్మ అడుగు కంత పలకని వేళ్ళతో తడిమింది. "గుడ్డ కత్తిరించేటప్పుడు అంచుమీద గాట్లు పెట్టుకుంటాం, కుట్టేటప్పుడు వేలికి తగిలేలా. దీనిమీద పెట్టగలరా?"

ఫిట్టరు సంచీలోంచి ఆకురాయి తీశాడు. సన్న సెగకి ఒక గాటు, మధ్య సెగకి రెండు, పెద్ద సెగకి మూడు. ఒక్కో గాటు రాసి ఆవిడ వేలికి ఇవ్వడం, ఆవిడ "ఇంకాస్త లోతుగా" అనడం. పైకంతకీ అలాగే. కొట్టు సామాను మీద ఆకురాయి పెట్టడం ఆయనకి అదే మొదలు.

"ఒక్కటి మాత్రం జాగ్రత్తమ్మా. దీని మూత గభాల్న ఎత్తకూడదు. లోపల నిప్పు గాలికి మొహం వాచి ఉంటుంది. ఒక్కసారిగా తగిలితే మంట ఎగబడుతుంది. వేలెడు ఎత్తి, ఒక ఊపిరి తీసి వదిలి, అప్పుడు పూర్తిగా తెరవాలి."

ఆవిడ చల్లటి పొయ్యి మీదే పదిసార్లు చేసి చూసుకుంది. తర్వాత అంటించారు. మొదటి విడత పాడైంది. మూడో గాటు దాకా తెరిచి మరిచిపోయేసరికి లోపల కొలిమి అయింది. మందపాటి గోడలు, ఒకసారి వేడెక్కితే చల్లారమన్నా చల్లారవు. ముక్కలు బొగ్గులకి చుట్టాలైపోయాయి. టైలరమ్మ నల్లటి ముక్క ఒకటి తుంచి నోట్లో వేసుకుని, "కొత్త రకం గుడ్డ, మొదటిసారి జానెడు పాడవుతుంది" అని రెండో విడత మొదలుపెట్టింది. ఈసారి తొందరపడకుండా ఒక గాటు, తర్వాత రెండు. కింద కంత దగ్గర చెవి పెట్టి వింది. సన్నగా గాలి పీలుస్తున్న చప్పుడు. "దీనికి ఊపిరుంది," అంది. రెండో విడతలో ఒక్క ముక్క మాడలేదు.

*

ఆదివారం పదకొండు గంటలకే పన్నెండుమందీ వచ్చేశారు. పిన్నులు, బాబాయిలు, వాళ్ళ పిల్లలు. తమ్ముడు, మరదలు అందరికన్నా ముందొచ్చారు. తమ్ముడి చొక్కా జేబులో హోటలు ఫోను నంబరున్న కాగితం ఉందని మరదలు ఫిట్టరు చెవిలో వేసింది. ఫిట్టరుకి కూడా ఒక కుర్చీ పడింది. పొయ్యికి అందనంత దూరంలో, గోడవారన. టైలరమ్మే స్వయంగా అడుగులు లెక్కపెట్టి వేసింది. ఆయన చేతులు రెండూ మోకాళ్ళ కింద పెట్టుకుని కూర్చున్నాడు.

ఆవిడ పని మొదలుపెట్టాక పెరడంతా గొంతులు తగ్గిపోయాయి. బొగ్గులు పేర్చడం, అంటించడం, చెవి పెట్టి వినడం. వేలితో గాటు వెతుక్కుని కంత సర్దడం. మూత వేలెడు ఎత్తి, ఊపిరి తీసి వదిలి, తెరవడం. ముక్కలు వరసగా, బెత్తెడు దూరంలో. ఎవరో పిన్ని "జాగ్రత్తే తల్లీ" అంటే, "జాగ్రత్తగానే ఉన్నా, నువ్వు మాట్లాడితే నాకు చప్పుడు వినపడట్లేదు" అంది. పిన్ని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

రెండో విడతకి గాలి తిరిగింది. పొగ తిన్నగా కుర్చీల మీదికి వచ్చింది. పెద్దవాళ్ళు దగ్గుతున్నారు. తమ్ముడు గబుక్కున లేచాడు. ఏం చేయబోతున్నాడో ఫిట్టరుకి తెలుసు, ఎందుకంటే తనకీ అదే జబ్బు. లేవబోయి, తన్ను తాను పట్టుకుని కూర్చున్నాడు. తమ్ముడు రెండు చేతులకీ గుడ్డ చుట్టుకుని, పొయ్యి పొట్ట పట్టుకుని పక్కకి తిప్పబోయాడు. అది ఉలకలేదు, పలకలేదు. కాళ్ళు తన్నిపెట్టి మళ్ళీ తోశాడు. మొహం ఎర్రబడింది గానీ పొయ్యి వెంట్రుకవాసి జరగలేదు.

"ఎవరది?" అంది టైలరమ్మ, పట్టకారు ఎత్తి పట్టుకుని.

"నేనేనక్కా. పొగ... అందరి మీదికీ వస్తోంది."

"అది తిరగదురా. కుర్చీలు తిప్పుకోండి."

పెద్ద బాబాయి తన కుర్చీ ఎత్తి నిమ్మచెట్టు వైపు జరిపాడు. ఆయన వెనకే పిన్ని. పిల్లలు గోల చేస్తూ ఒకరి కుర్చీ ఒకరు లాగారు. పన్నెండుమందీ లేచి, పొయ్యి ఉన్నచోటే ఉండగా, దాని చుట్టూ తిరిగి రెండోవైపు సర్దుకున్నారు. మరదలు పకపకా నవ్వుతూ, "వదినా, మమ్మల్నందరినీ పావుల్లా జరిపేశావు కదా!" అంది. తమ్ముడు చివర్న తన కుర్చీ మోసుకొచ్చి అక్క కుడిచేతి పక్కన, రెండడుగులు ఎడంగా వేసుకున్నాడు. అడ్డం కాకుండా.

గోడవారన ఫిట్టరుకి కళ్ళు చెమర్చాయి. పొగ ఆయన వైపు లేదు. ఎన్నో పొయ్యిలు బిగించాడు గానీ, ఇంత గట్టిగా బిగిసిన పొయ్యి ఇంకొకటి లేదనిపించింది. ఆ బిగింపు తనది కాదని తెలిసీ ఆయనకి గర్వంగానే ఉంది.

తిండి గురించి చెప్పడానికేముంది, ఎముకలే మిగిలాయి. తమ్ముడు నాలుగు ముక్కలు తిని, అయిదోదానికి చెయ్యి చాస్తే మరదలు ఆ చెయ్యిమీద ఒక్కటిచ్చింది. హోటలు కాగితం అతను ఎప్పుడు తీశాడో గానీ, వేళ్ళకంటిన నూనె దానితోనే తుడుచుకున్నాడు.

చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళాక ఫిట్టరు సంచీలోంచి కొట్టు కాగితం తీశాడు. పొయ్యి ఇంట్లో ఉంచుకునేవాళ్ళు నింపి సంతకం పెట్టాల్సింది. "నేను రాస్తానక్కా," అని తమ్ముడు కలం తీసుకున్నాడు. పొయ్యి రకం దగ్గర రాశాడు. ఇంటి చిరునామా అన్న గడి దగ్గర కలం ఆగింది. వచ్చి ఉండమని వారం రోజులుగా అక్కతో వాదించిన తన ఇంటి చిరునామా కలం చివరే ఉంటుంది. తమ్ముడు వంగి, మెల్లగా, అక్షరాలు పెద్దవి చేసి రాశాడు.

"ఏం రాశావురా?" అంది టైలరమ్మ.

"ఇంటి నంబరు పద్నాలుగు, బస్టాండు వెనక వీధి," అని చదివాడు. అది ఆవిడ ఇంటి నంబరే. "వెనక పెరడు, గడప నుంచి తొమ్మిది అడుగులు."

"అడుగులు కూడా రాశావా?"

"బరువైన సామానక్కా. ఎక్కడుందో సరిగ్గా రాసి పెట్టుకోవాలి కదా." కాగితం ఆవిడ ముందుకి జరిపి, సంతకం గీత కింద తన చూపుడువేలు అడ్డంగా ఆనించి పెట్టాడు. "ఇదిగో, నా వేలు వెంబడే రాయి."

ఆవిడ ఎడమచేత్తో ఆ వేలు తడిమి చూసుకుని, కలం అందుకుని సంతకం పెట్టింది.